సోలార్ ప్లేట్లను ఎండ వెంట తిప్పితే ఎంత కలిసొస్తుంది? ఖర్చు పెట్టేముందు చేయాల్సిన పనులు

"ట్రాకర్ పెట్టిస్తే కరెంటు 40 శాతం పెరుగుతుందట, నిజమేనా?" అని ఈ ఏడాది నన్ను ముగ్గురు అడిగారు. ట్రాకర్ అంటే ప్యానెళ్లను పొద్దు వెంట తిప్పే ఏర్పాటు. ఇద్దరికి మిద్దె మీద ప్యానెళ్లున్నాయి. మూడో మనిషి మా బావ. ఆయనకు తాడిపత్రి వైపు చీనీ తోట, అందులో సోలార్ బోరు ఉన్నాయి. మిద్దెల వాళ్లిద్దరికీ వద్దని చెప్పాను. బావకు మాత్రం తిప్పుకోమన్నాను, అయితే మోటారుతో కాదు, చేత్తో. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఎందుకొచ్చాయో ఒక్కో పనీ చేసుకుంటూ పోతే మీకే తెలుస్తుంది.

40 శాతం అనేది పూర్తి అబద్ధం కాదు. ఆకాశం నిర్మలంగా ఉండే ఎడారి ప్రాంతంలో, తూర్పు పడమరలకే కాక ఉత్తర దక్షిణాలకూ తిరిగే ట్రాకర్‌తో అంత దగ్గరికి రావచ్చు. తూర్పు నుంచి పడమరకు మాత్రమే తిరిగే ట్రాకర్‌తో మామూలుగా 15 నుంచి 25 శాతం వస్తుంది. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులుంటాయి కాబట్టి నేను లెక్కల్లో 20కి మించి వేసుకోను. మబ్బు పట్టిన రోజు వెలుతురు ఆకాశం నలుమూలల నుంచీ వస్తుంది. ఆ రోజు ట్రాకర్ చేసేదేమీ లేదు, ప్యానెల్ పడుకోబెట్టి ఉంటేనే మేలు.

ముందు ఈ లెక్క ఒంటబట్టించుకోండి

ఎండ ప్యానెల్‌కు నిటారుగా తగిలితే పూర్తి బలం, ఏటవాలుగా తగిలితే ఆ మేరకు తక్కువ. 30 డిగ్రీలు పక్కకు తగిలితే 87 శాతం, 45 డిగ్రీలకు 71, 60 డిగ్రీలకు సగం. పొద్దు గంటకు 15 డిగ్రీల చొప్పున కదులుతుంది. అంటే నేలకు సమానంగా పడుకున్న ప్యానెల్‌కు మిట్టమధ్యాహ్నం నూటికి నూరు అందితే, దానికి మూడు గంటల ముందు 71, నాలుగు గంటల ముందు 50, ఐదు గంటల ముందు 26 అందుతుంది. (మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇది దాదాపు సరిపోతుంది. పొద్దున ఎండే బలహీనంగా ఉంటుంది కాబట్టి నిజంగా వచ్చేది ఇంకా తక్కువ.)

ఇప్పుడు అదే ప్యానెల్‌ను తూర్పుకు 45 డిగ్రీలు వాల్చి చూడండి. ఐదు గంటల ముందు 26 కాస్తా 87 అవుతుంది. నాలుగు గంటల ముందు 50 బదులు 97 వస్తుంది. మధ్యాహ్నం మాత్రం ట్రాకర్ కూడా ప్యానెల్‌ను పడుకోబెట్టే ఉంచుతుంది కాబట్టి ఏ మార్పూ లేదు, అప్పుడు తిరిగే ప్యానెల్ అయినా తిరగనిది అయినా ఒకటే. కాబట్టి ట్రాకర్ మధ్యాహ్నాన్ని పెంచదు, పొద్దుటినీ సాయంత్రాన్నీ పెంచుతుంది. ఆ గంటల్లో వచ్చే కరెంటుకు మీ దగ్గర ప్రత్యేకమైన విలువ ఉందా అన్నది చూసుకోవాలి. మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

మిద్దె మీద పెట్టుకునేవాళ్లు చేయాల్సిన లెక్క

కాగితం, పెన్ను తీసుకోండి. మన ప్రాంతంలో కిలోవాట్‌కు సగటున రోజుకు 4 యూనిట్లు అని లెక్కేసుకోవచ్చు. మీది 3 కిలోవాట్ల సిస్టమ్ అయితే రోజుకు 12 యూనిట్లు. ట్రాకర్‌తో 20 శాతం పెరిగితే వచ్చే అదనం 2.4 యూనిట్లు.

మరి 540 వాట్ల ప్యానెల్ ఒకటి అదనంగా కొంటే? అది రోజుకు 2.1 యూనిట్ల పైన ఇస్తుంది. ఒక ప్యానెల్, దాన్ని నిలబెట్టే నాలుగు యాంగులర్లు, రెండు కేబుళ్లు ఉంటే చాలు. కదిలేది లేదు, గ్రీజు పెట్టేది లేదు. అంటే ఆరు ప్యానెళ్లను తిప్పే ఆ ట్రాకర్ ఒక ప్యానెల్ ధర కంటే ఏ కొంచెమో ఎక్కువకు దొరికితేనే మీకు గిట్టుబాటు. అంత చవకగా ఎవరూ ఇవ్వరు. కొటేషన్ తెప్పించుకుని మీరే పోల్చి చూడండి. ప్యానెల్ పెంచేముందు మాత్రం ఇన్వర్టర్ ఆ అదనాన్ని భరిస్తుందా, మంజూరైన సామర్థ్యం ఎంత అన్నవి అడిగి తెలుసుకోండి.

పైగా నెట్ మీటరింగ్ (మిగిలిన కరెంటును లైనుకిచ్చి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) ఉన్న ఇంటికి పొద్దున ఏడింటి యూనిట్ అయినా మధ్యాహ్నం పన్నెండింటి యూనిట్ అయినా బిల్లులో ఒకటే. ట్రాకర్ ఇచ్చే పొద్దుటి గంటలకు అక్కడ ఎక్కువ విలువేమీ రాదు. మిద్దె మీద గాలి భయం వేరే ఉంది, దాని సంగతి కింద చెబుతాను. మరి పెద్ద పెద్ద సోలార్ ప్లాంట్లలో ట్రాకర్లు ఎందుకు పెడతారంటే, అక్కడ ఒకే మోటారు పొడవాటి వరుసలో పదుల కొద్దీ ప్యానెళ్లను తిప్పుతుంది, ఖర్చు ఒక్కో ప్యానెల్‌కు కొద్దికొద్దిగా పడుతుంది. ఆరు ప్యానెళ్ల ఇంటికి ఆ వెసులుబాటు లేదు.

నా మాట నమ్మనక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల ఒకటి నడిపే పీవీవాట్స్ అనే ఉచిత లెక్కింపు సాధనం ఇంటర్నెట్‌లో ఉంది. మీ ఊరు, సిస్టమ్ సైజు ఇచ్చి, ఒకసారి ఫిక్స్‌డ్, ఒకసారి వన్ యాక్సిస్ (తూర్పు పడమరలకు మాత్రమే తిరిగేది), ఒకసారి టూ యాక్సిస్ (ఉత్తర దక్షిణాలకూ తిరిగేది) ఎంచుకుంటే నెల నెలా ఎన్ని యూనిట్లు వస్తాయో చూపిస్తుంది. వన్ యాక్సిస్ చూసేటప్పుడు టిల్ట్ (వాలు) అన్నచోట సున్నా పెట్టండి. నెలవారీ అంకెల్లో జులై, ఆగస్టు వరుసలు ముఖ్యంగా చూడండి. అమ్మేవాళ్లు ఆ రెండు నెలల మాట ఎత్తరు.

బోరు ఉన్నవాళ్ల సంగతి వేరు

బావ తోటలో 5 హెచ్‌పీ మోటారు, దానికి 4800 వాట్ల పైచిలుకు ప్యానెళ్లు. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి కంట్రోలర్ ముందు నిలబడితే తెరమీద మోటారు వేగాన్ని చూపే హెర్ట్జ్ అంకె పెరుగుతూ ఉంటుంది. 25, 28, 31. లోపల మోటారు తిరుగుతోంది. పైపు మూతికి చెయ్యి అడ్డం పెడితే గాలి తగులుతుంది, చుక్క నీళ్లు రావు. ఇంకాసేపటికి అంకె మరికాస్త ఎక్కాక పైపు ఒకసారి దగ్గినట్టు చేసి నీళ్లు కక్కుతుంది.

పంపు ఎంత ఎత్తుకు నీళ్లు తోయగలదన్నది దాని వేగానికి వర్గంలో మారుతుంది. వేగం సగమైతే ఎత్తు పావువంతే. బోరు లోతుగా ఉంటే ఒక వేగం దాటేదాకా నీళ్లు పైకి రానే రావు. అంతవరకూ ప్యానెళ్లు ఇచ్చిన కరెంటంతా వృథా. ఇంట్లో అయితే పొద్దుటి అర యూనిట్ కూడా మీటర్‌లో పడుతుంది. బోరు దగ్గర ఆ గడప దాటితేనే నీళ్లు, దాటకపోతే సున్నా. అందుకే ప్యానెళ్లను పొద్దున తూర్పుకు వాలిస్తే కరెంటు పెరిగిన శాతం కంటే నీళ్లు పెరిగిన శాతం ఎక్కువగా ఉంటుంది. డ్రిప్ ఉన్న తోటకైతే ఎండ ముదరకముందే నీళ్లు పారడం మరీ మంచిది.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ సోలార్ పంపుల స్పెసిఫికేషన్లలోనే స్టాండును కాలాన్ని బట్టి వాల్చుకునే వీలు, రోజుకు మూడుసార్లు చేత్తో తిప్పుకునే వీలు ఉండాలని రాశారు. మీ పొలంలో స్టాండు కింద తుప్పు పట్టిపోయిన చీల ఒకటి ఉండే ఉంటుంది, ఎప్పుడైనా కదిపి చూశారా? చాలామంది బిగించిన రోజు తర్వాత మళ్లీ ముట్టుకోలేదు.

పని 1: కర్ర పాతి పొద్దును చూడండి

మీటరు పొడవు కర్రను తూకంగా నిలబెట్టండి. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఐదేసి నిమిషాలకు నీడ కొస దగ్గర గులకరాయి పెట్టండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నదే మీ ఊరి అసలు మధ్యాహ్నం, ఆ నీడ పడిన గీతే అసలైన ఉత్తర దక్షిణం. మన గడియారం నడిచే రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది కాబట్టి అక్కడ ఏడాది సగటున పన్నెండింటికే మధ్యాహ్నం. హైదరాబాద్‌లో 12.16 ప్రాంతంలో, తాడిపత్రిలో 12.18 ప్రాంతంలో. ఫిబ్రవరిలో ఇంకో పావుగంట ఆలస్యం, నవంబరు మొదట్లో పావుగంట ముందు.

నీడ ఉత్తరానికే పడుతుందని అనుకోకండి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. ఆ రెండింటి మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. సీమలో ఇది ఏప్రిల్ చివరికే మొదలై ఆగస్టు రెండో వారం దాకా సాగుతుంది.

పని 2: కాలాన్ని బట్టి వాలు మార్చండి

ఖర్చు లేకుండా కరెంటు పెంచే పని ఇదొక్కటే, మిద్దె వాళ్లకూ పనికొస్తుంది. తాడిపత్రిలో డిసెంబరు మధ్యాహ్నం పొద్దు నడినెత్తి నుంచి 38 డిగ్రీలు దక్షిణంగా ఉంటుంది. 15 డిగ్రీల వాలులో స్థిరంగా ఉన్న ప్యానెల్‌కు ఆ వేళ 92 శాతం ఎండ తగిలితే, 30 డిగ్రీలకు వాల్చిన దానికి 99 తగులుతుంది. జూన్‌లో దీనికి తలకిందులు. అప్పుడు పొద్దు ఉత్తరంగా 8 డిగ్రీలు పోతుంది కాబట్టి దాదాపు పడుకోబెట్టాలి.

నవంబరు నుంచి జనవరి దాకా దక్షిణానికి 30 డిగ్రీలు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ సగం దాకా 15, అక్కడి నుంచి ఆగస్టు చివరిదాకా 5, ఆ తర్వాత అక్టోబరు దాకా మళ్లీ 15 డిగ్రీలు. సున్నా మాత్రం పెట్టకండి, వాన నీళ్లు అంచు దగ్గర నిలిచి మట్టి గీత కడుతుంది. కోణం చూడటానికి ఫోన్‌లో ఉన్న లెవెల్ యాప్ చాలు, ఫోన్‌ను ప్యానెల్ ఫ్రేమ్ మీద ఆనించండి. ఏడాది మొత్తం మీద దీనివల్ల మూడు నాలుగు శాతం వస్తుంది. తక్కువే కానీ, ఏడాదికి నాలుగు పూటల పని.

పని 3: స్టాండు తిరిగేలా చేయించండి

ముందు వారంటీ కాగితం చదవండి. సబ్సిడీ మీద వచ్చిన పంపు అయితే ఐదేళ్ల నిర్వహణ సరఫరా చేసినవాళ్లదే. మీ అంతట మీరు వెల్డింగ్ పెట్టిస్తే రేపు మోటారు కాలినా మీ మీదే తోస్తారు. తిప్పుకునే ఏర్పాటు ముందే ఉంటే గొడవ లేదు.

లేకపోతే కావాల్సింది పెద్ద వింతేమీ కాదు. ఉత్తర దక్షిణంగా అడ్డంగా ఒక బలమైన జీఐ పైపు, దాని రెండు చివర్లా బేరింగులు, పైపు మీద ప్యానెళ్ల ఫ్రేమ్. పక్కన అర్ధచంద్రంలా వంచిన పట్టీ, దానికి మూడు రంధ్రాలు: తూర్పు 45, మధ్య, పడమర 45. పిన్ను తీసి, తోసి, మళ్లీ పెట్టాలి. వెల్డింగ్ అతనికి ఒక మాట గట్టిగా చెప్పండి. బరువు పైపుకు రెండు వైపులా సమంగా ఉండాలి. పిన్ను తీసినప్పుడు ఫ్రేమ్ తనంతట తాను ఒక పక్కకు వాలిపోతే అది తప్పు. సరిగ్గా చేసిన ఫ్రేమ్‌ను పదేళ్ల పిల్లాడు కూడా ఒంటిచేత్తో కదపగలడు (కదపనివ్వకండి, వేళ్లు నలుగుతాయి).

కేబుళ్లకు వదులు ఉంచాలి. పూర్తిగా తూర్పుకు, పూర్తిగా పడమరకు వాల్చి, రెండు కొసల్లోనూ వైరు లాగినట్టు కానీ అంచుకు రాసుకున్నట్టు కానీ ఉందేమో చూడండి. ఎర్తింగ్‌కు గట్టి పట్టీ బదులు జడలా అల్లిన రాగి తీగ వాడండి, గట్టి పట్టీ వంగి వంగి విరుగుతుంది. పదిహేను ప్యానెళ్లు వరసగా కలిపితే 500 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది. మోటారు నడుస్తుండగా కనెక్టర్లు ఊడదీయొద్దు, నిప్పు గీత లేస్తుంది. ముందు కంట్రోలర్ ఆపి, ఐసోలేటర్ (ప్యానెళ్ల కరెంటును విడదీసే స్విచ్) దించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. వైరింగ్ మార్చాల్సి వస్తే తెలిసిన ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

పని 4: ఎప్పుడు తిప్పాలి

అసలు మధ్యాహ్నానికి గంటన్నర ముందు మధ్యకు, గంటన్నర తర్వాత పడమరకు. తాడిపత్రి లెక్కన 10.50కి ఒకసారి, 1.50కి ఒకసారి. ఆ రెండు వేళల్లో 22 డిగ్రీల తేడాతో ఎండ తగులుతుంది కాబట్టి అప్పుడు కూడా అందే ఎండ 92 శాతానికి తగ్గదు. పది నిమిషాలు అటూ ఇటూ అయినా నష్టం లేదు, టీ తాగి వెళ్లొచ్చు. మూడోసారి పొద్దుగూకాక మళ్లీ తూర్పుకు, రేపటి కోసం.

మూడు స్థానాలతోనే ట్రాకర్ లాభంలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. మోటారు ట్రాకర్ అదనంగా ఇచ్చేది ఆ మిగిలిన కొంచెం, ఇంకా మీకు తీరిక. రోజూ పొలానికి వెళ్లేవాళ్లకు ఆ తీరిక కొనుక్కోవాల్సిన పని లేదు. ఊళ్లో లేనివాళ్లకు మాత్రం కొనాల్సి రావచ్చు.

మోటారు ట్రాకరే కావాలంటే

తూర్పు పడమరలకు మాత్రమే తిరిగేది చాలు. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం, పొద్దు ఏడాదంతా ఎత్తులోనే తిరుగుతుంది. ఉత్తర దక్షిణాలకు కూడా తిప్పడం వల్ల వచ్చేది కొద్దిశాతం, దానికి అయ్యే రిపేర్లు మాత్రం రెట్టింపు. అమ్మేవాళ్లను ఈ నాలుగూ అడగండి: టైమ్‌ను బట్టి తిరుగుతుందా, లైట్ సెన్సర్‌ను బట్టా? (టైమ్‌దే మేలు. సెన్సర్ మీద దుమ్ము పడినా, మబ్బు కదిలినా దారి తప్పుతుంది.) గాలి లేస్తే తనంతట తాను పడుకుంటుందా? కరెంటు పోయినా పడుకోగలదా? యాక్చువేటర్ (ఫ్రేమ్‌ను తోసి తిప్పే మోటారు) కాలిపోతే ఆ సామాను మన జిల్లాలో ఎవరి దగ్గర దొరుకుతుంది? చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

రెండు మూడు వరుసలుంటే పొద్దున ముందు వరుస నీడ వెనక వరుస మీద పడుతుంది. ప్యానెల్ కింది అంచున కొద్దిగా నీడ పడినా ఆ వరుస మొత్తం కుంటుపడుతుంది. వరుసల మధ్య దూరం పెంచాలి, లేదా నీడ పడకుండా కాస్త వెనక్కి వాలే ఏర్పాటు ట్రాకర్‌లో ఉండాలి. దీన్ని బ్యాక్‌ట్రాకింగ్ అంటారు.

గాలి

దీన్ని తేలిగ్గా తీసుకున్నందుకు మేం దండుగ కట్టాం. రెండేళ్ల కింద మే నెలలో బావ ఎవరిదో పెళ్లికని వెళ్తూ ప్యానెళ్లను పడమరకు వాల్చి వదిలేశాడు. సాయంత్రం పడమటి నుంచే గాలివాన లేచింది. పిన్ను తెగింది, ఫ్రేమ్ ఎగిరి అవతలి పక్కకు కొట్టుకుంది, రెండు ప్యానెళ్ల అద్దం సాలెగూడులా పగిలింది. పిన్ను మాకు చేసిచ్చిన షాపులో వాడింది మామూలు ఇనప కడ్డీ. అడగని తప్పు మాది.

కర్నూలు ప్రాంతానికి స్టాండ్ల డిజైన్‌లో తీసుకునే గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. ఆ గాలికి ఎదురుగా నిలబడ్డ ప్రతి చదరపు మీటరు మీదా 90 కిలోల పైన ఒత్తిడి పడుతుంది. 30 చదరపు మీటర్ల ప్యానెళ్లంటే దాదాపు మూడు టన్నులు. విజయవాడ, విశాఖలకు తీసుకునే వేగం 50 మీటర్లు, అక్కడ ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోలు దాటుతుంది. మిద్దె మీద, సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టిన తిరిగే స్టాండు గురించి ఈ అంకెలతో ఆలోచించండి.

ఏప్రిల్, మే నెలల్లో, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు, ఊరు వెళ్లేటప్పుడు మధ్య రంధ్రంలో పిన్ను పెట్టి పడుకోబెట్టండి. పిన్ను హై టెన్సైల్ (సులువుగా తెగని గట్టి ఉక్కు) బోల్టుది కావాలి, దానికి తోడు ఒక గొలుసు కూడా కట్టండి.

పని 5: కొలిచి చూడండి

పోయిన నెల బిల్లుతో ఈ నెల బిల్లు పోల్చకండి, ఎండే వేరు. ముందు ప్యానెళ్లు కడగండి. దుమ్ము పేరుకున్న ప్యానెళ్లను కడిగినందుకు పెరిగిన నీళ్లను చాలామంది ట్రాకర్ ఖాతాలో వేసేస్తారు. తర్వాత మబ్బులేని రెండు రోజులు వెంటవెంటనే ఎంచుకుని ఒకరోజు తిప్పకుండా, ఒకరోజు తిప్పుతూ నడపండి. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ప్రతి గంటకూ నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. పైపులో నీళ్లు మొదలైన టైము, ఆగిన టైము కూడా.

ఫిబ్రవరిలో బావ నోటుపుస్తకంలో రాసుకున్నది ఇది. తిప్పని రోజు 8.50కి నీళ్లు మొదలై 4.15కి ఆగాయి. తిప్పిన రోజు 7.45కి మొదలై 5.15కి ఆగాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకు డ్రమ్ము నిండిన సెకన్లు రెండు రోజులూ ఒకటే. అదనంగా వచ్చిన ఆ రెండు గంటల్లో, ఇన్నాళ్లూ వంతు అందక ఎండుతున్న చివరి నాలుగు వరుసల చెట్లకు డ్రిప్ వదులుతున్నాడు. బేరింగులకు ఆరు నెలలకోసారి గ్రీజు పెట్టమన్నాను, అది మాత్రం ఇంతవరకూ పెట్టలేదు. తిప్పేటప్పుడు కిర్రుమంటోంది.